కుందేలు పిల్లకి విరేచనాలు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

విజయనగరంలో ఉంటామండి. పది రోజుల క్రితం పాప పేచీ పెడితే కుందేలు పిల్లని కొన్నాం. అమ్మినాయన రెండు నెలలది అన్నాడు గానీ, నాకైతే ఇంకా చిన్నదే అనిపిస్తోంది. గరిక వేసినన్నాళ్లూ మిరియాల్లా గట్టి పెంటికలు వేసేది. మొన్న పాప ముద్దుకొద్దీ క్యాబేజీ, అరటిపండు తినిపించింది. నిన్నటి నుంచి జిగటగా, కంపుగా పోతోంది, తోక కిందంతా అంటుకుపోయింది. రాత్రిపూట మెత్తటి పెంటికలు వేసి మళ్లీ తినడం వాటికి మామూలేనని తెలుసు, ఇది అది కాదు. గరిక కొరుకుతోంది, నీళ్లు తాగుతోంది. మిగతావన్నీ ఆపేశాను. ఎండబెట్టిన పచ్చిక మాకు దొరకదు, ఉన్నది వరిగడ్డే. అది సరిపోతుందా? తెల్లారగానే గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్తాం. బస్సులో బెదిరిపోకుండా ఎలా తీసుకెళ్లాలి? ఈ రాత్రికి ఇంకేం చెయ్యాలి?