‘కనిపెట్టుకొంటిని’: 40వ కీర్తనలోని ఒక క్రియ మీద చర్చ

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక సభ్యురాలు): మా వీధిలోని ప్రార్థన మందిరం గోడమీద “యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని, ఆయన నాకు చెవియొగ్గి నా మొఱ్ఱ ఆలకించెను” అని రాసి ఉంది. కనిపెట్టడమంటే తెలియనిదాన్ని కనుగొనడమే కదా. దేవుడి విషయంలో ఆ మాట ఎలా పొసగుతుందో పెద్దలు వివరించగలరు.

సమాధానం: మీ సందేహం సహేతుకమైనదేనమ్మా. అయితే బైబిలులోని 40వ కీర్తన మొదటి చరణమైన ఆ వాక్యంలో ‘యెహోవాను కనిపెట్టితిని’ అని లేదు, ‘యెహోవాకొరకు కనిపెట్టుకొంటిని’ అని ఉంది. ‘కొరకు’ అన్న విభక్తి ప్రత్యయం, చివర చేరిన ‘కొను’, ఈ రెండూ కలిసి అర్థాన్ని మార్చివేశాయి. చూపు మరల్చకుండా కాచుకొని ఉండడమన్నది ఇక్కడి అర్థం. పట్నవాసుల నోట ఇది అరుదైపోయింది గాని పల్లెల్లో పోలేదు. మిరప కోతల కాలంలో మన చుట్టుపక్కల కల్లాల్లో కాయ ఆరబోసిన రైతు, భోజనానికి ఇంటికి వెళ్తూ “కల్లం కనిపెట్టుకొని ఉండరా” అని కొడుకుతో అన్నాడంటే ఊరికే కూర్చొని ఉండమని కాదు. మబ్బు పట్టిందేమో చూడాలి, చినుకు పడేలోగా పట్టా కప్పాలి, మధ్యలో కాయ తిరగవెయ్యాలి, గొడ్డు వస్తే అదిలించాలి. ఎండ కాయడం ఆ కుర్రవాడి చేతిలో లేకపోయినా ఇన్ని పనులు అతని చేతిలో ఉన్నాయి. సంఘాల్లో నేటికీ వినిపించే ‘కనిపెట్టు ప్రార్థన’ అన్న మాటను ఈ వాడుకతో కలిపి చదివితే ఇబ్బంది ఉండదు.

ఇక మూలం సంగతి. హెబ్రీ భాషలో ఈ చరణం ‘కవ్వో కివ్వీతి’ అని మొదలవుతుంది. ఒకే ధాతువును రెండుసార్లు పలికి క్రియకు బలమిచ్చే పద్ధతి అది. ‘కనిపెట్టీ కనిపెట్టీ ఉన్నాను’ అన్నట్టుగా ఉంటుంది. సహనం అనే అర్థమిచ్చే మాట అక్కడ విడిగా లేదు. ఆ రెట్టింపును తెలుగులోకి తేవడానికి అనువాదకులు ‘సహనముతో’ అని చేర్చారు. చేర్చడం తప్పు కాదు గాని, నోరు మూసుకొని భరించడమే సహనమని మనవాళ్లు అనుకొనే చోట ఆ మాట దారి తప్పిస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే కీర్తనకారుడు నోరు మూసుకోలేదు, మొఱ్ఱ పెట్టాడు. 13వ కీర్తన “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని నిలదీతతోనే మొదలవుతుంది, హెబ్రీలో ‘ఎంతకాలము’ అన్న ప్రశ్న మొదటి రెండు చరణాల్లోనే నాలుగుసార్లు వస్తుంది. అంత నిష్ఠూరమాడినవాడు కూడా దేవునితోనే ఆడుతున్నాడు తప్ప, లేచి వెళ్లి మరొకరితో చెప్పుకోవడం లేదు.

గోడమీద చోటు చాలక రాయలేదేమో గాని, 40వ కీర్తన ఆ మొదటి చరణంతో ఆగిపోదు. జిగటగల దొంగ ఊబిలోనుండి తనను పైకెత్తాడని స్తుతించిన ఆ నోరే, చివరి చరణమైన 17వ దానికి వచ్చేసరికి “నా దేవా, ఆలస్యము చేయకుము” అని బతిమాలుకుంటుంది. జవాబు పొందినవాడే మళ్లీ ఎదురుచూసేవాడయ్యాడు.

వ్యాఖ్య (విజయవాడ నుంచి ఒక సభ్యుడు): అయ్యా, మాట బాగుంది గాని బతుకు వేరు. మా తమ్ముడికి సంతానం కోసం ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థనలు చేశాం. “మీ విశ్వాసంలోనే లోపముంది” అని ఒక బోధకుడు అందరి ముందూ అన్నాడు. నాటి నుంచి మా మరదలు ఆదివారాలు గడప దాటడం లేదు. దీనికి మీ క్రియాపదం ఏం చెబుతుంది?

సమాధానం: ఆ బోధకుడి మాటకు వాక్యాధారం లేదని మాత్రం నిర్భయంగా చెప్పగలను. తన శరీరంలోని ముల్లును, అంటే తనను వేధించే బాధను, తొలగించమని దేవుణ్ణి ముమ్మారు వేడుకొన్న అపొస్తలుడు పౌలుకు “నా కృప నీకు చాలును” అన్న జవాబే దక్కింది. దేవుడు ఆ ముల్లు తీశాడని పౌలు రాసిన రెండవ కొరింథీయుల పత్రికలో (లేఖలో) ఎక్కడా లేదు. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఆ బోధకుడు కూడా అనలేడు గదా.

అయితే మన వాడుకలో ఒక లోటు ఉంది, దాన్ని మీ మరదలు అనుభవిస్తున్నారు. జవాబు వచ్చిన తరువాతి మాటలు మనకు దండిగా ఉన్నాయి. గుణదల కొండ మీద ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత ఉత్సవాలలో తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి ‘మొక్కు చెల్లించాం’ అంటారు. గుంటూరు లూథరన్ కుటుంబాలలోనైతే ‘కృతజ్ఞత కూడిక’ పెట్టి నలుగురికీ భోజనం పెడతారు. మరికొన్ని సంఘాల్లో మైకు అందుకొని ‘సాక్ష్యం’ చెబుతారు. జవాబు ఇంకా రానివారికి మిగిలేది చీటీ మీద రాసి ఇచ్చే ‘ప్రార్థన మనవి’ ఒక్కటే, ఆ చీటీ కూడా మూడో వారానికి పాతబడిపోతుంది. రోమా పత్రిక 8:25లో “మనము చూడనిదానికొరకు నిరీక్షించిన యెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము” అన్నప్పుడు, ఏమీ చేతికి రాని స్థితినే విశ్వాసి స్థితిగా పౌలు వర్ణించాడు. మీ మరదలికి 13వ కీర్తన చదివి వినిపించండి, వివరణ అక్కరలేదు. గడప దాటమని మాత్రం ఇప్పుడే తొందరపెట్టవద్దు.

వ్యాఖ్య (మొదటి సభ్యురాలు): అలాగైతే నేటి పాఠకుల కోసం ‘కనిపెట్టుకొంటిని’ని ‘ఎదురుచూశాను’ అని మార్చవచ్చా?

సమాధానం: చాలాచోట్ల మార్చవచ్చు. యెషయా 40:31లో ఉన్నదీ ఆ హెబ్రీ ధాతువే. పాత అనువాదమే అక్కడ “యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు” అంది గనుక, ఆ స్వేచ్ఛ పాత అనువాదకులే తీసుకున్నారు. 130వ కీర్తనలో మాత్రం నేను మార్చను. “కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా” అన్నచోట ఆ క్రియ కావలివాడి ఉద్యోగానికి సంబంధించినది. ఎదురుచూడడం ఎవరైనా చేస్తారు. రాత్రంతా నిద్ర మానుకొని గోడమీద నిలబడినవాడి పనికి ‘కనిపెట్టుట’ అన్న మాటే తగినది, కాబట్టి అక్కడ అర్థాన్ని అడుగున సూచిస్తే సరిపోతుంది.