అప్‌డేట్: ఎస్‌ఎస్‌ఐ ఉండగా పార్ట్‌టైమ్ జీతం, లెక్క తేలింది

పార్ట్‌టైమ్ జీతం వస్తే అమెరికాలో ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) పూర్తిగా ఆగిపోతుందా అని అడిగాను కదా. ఆగదు, తగ్గుతుందంతే. వేరే ఆదాయం లేకపోతే నెల జీతంలోంచి ముందు 20, తర్వాత 65 డాలర్లు తీసేస్తారు. మిగిలినదాంట్లో సగమే ఎస్‌ఎస్‌ఐలో కోత. 885 వస్తే కోత 400. 2025లో ఫెడరల్ రేటు (నెలకు ఇచ్చే గరిష్ఠ మొత్తం) 967 కాబట్టి అప్పుడు వచ్చేది 567. లెక్కలోకి తీసుకునేది గ్రాస్ జీతం, బ్యాంకులో పడేది కాదు. చాలామంది తప్పేది ఇక్కడే.

అసలు చిక్కు పొదుపుతో. ఒంటరి వ్యక్తికి పరిమితి 2,000 డాలర్లు (1989 నుంచీ ఇదే అంకె, ఏం చెప్పాలి!). ఒకటో తారీఖున ఖాతాలో అంతకు మించి ఉంటే ఆ నెల డబ్బు రాదు. అర్హత ఉంటే ఏబుల్ ఖాతా (వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) తెరవండి, అందులో లక్ష డాలర్ల దాకా లెక్కించరు. జీతం వివరాలు మరుసటి నెల 10లోపు పంపాలి; ఆలస్యమైతే ఎక్కువ ఇచ్చింది వెనక్కి అడుగుతారు.