అప్‌డేట్: తురీనా, గ్రనాదోస్ విన్నాను

పియానో, వయొలిన్, చెల్లో లాంటివి కలిపి వాయించే స్పెయిన్ సంగీతంలో కచేరీల్లో పెద్దగా వినపడని రచనలు చెప్పమని అడిగాను కదా, మీరు చెప్పినవి విన్నాను, చాలా థాంక్స్.

ముందు స్పెయిన్ స్వరకర్త తురీనా. ఆయన ఓపస్ 1 (ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య) పియానో క్వింటెట్‌ని, అంటే పియానోకి నాలుగు తీగ వాద్యాలు కలిపిన రచనని, 1907లో పారిస్‌లో వాయించినప్పుడు స్పెయిన్ స్వరకర్తలు అల్బేనిజ్, ఫాయా ఇద్దరూ విన్నారట, ఆ తర్వాతే అల్బేనిజ్ ఆయన్ని స్పెయిన్ జానపదం వైపు చూడమన్నాడట. అందుకే దాన్నీ, 1931 నాటి ఓపస్ 67 పియానో క్వార్టెట్‌నీ (పియానో, మూడు తీగ వాద్యాలు) వెంటవెంటనే వినండి, తేడా ఇట్టే తెలుస్తుంది. మొదటిదాంట్లో పారిస్ చదువు కనపడుతుంది, రెండోది పూర్తిగా దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా సంగీతమే. నా ఓటు క్వార్టెట్‌కే.

తురీనాదే ‘సిర్కులో’ అనే ట్రియో (పియానో, వయొలిన్, చెల్లో) కూడా విన్నాను. తెల్లవారుజాము, మధ్యాహ్నం, సంధ్యవేళ, ఈ మూడు భాగాలూ కలిపి పది నిమిషాలు, అంతే. ఇంత చిన్నదీ ఇంత అందమైనదీ కచేరీల్లో ఎందుకు పెట్టరో నాకు అర్థం కావట్లేదు, నిజంగా బాధేస్తుంది.

ఇంకో స్పెయిన్ స్వరకర్త గ్రనాదోస్ రాసిన జి మైనర్ పియానో క్వింటెట్ (1895లో మాద్రిద్‌లో మొదటిసారి వాయించారు) నెమ్మదిగా సాగే రెండో భాగం కోసమైనా వినాలి. ఆయన అంటే పియానో సోలోలే అనుకునేవాళ్ళకి ముందు ఇదే వినిపించండి. ఇక ఆయన ఓపస్ 50 ట్రియో మిగిలింది, మంచి రికార్డింగ్ ఏదో చెప్పండి.