“మమ దోషో న విద్యతే”: లేఖకుడి మాటా, సర్వర్ మాటా?

కడప నుంచి ప్రశ్న:
పాత రాతప్రతుల చివర లేఖకులు రాసే శ్లోకం ఇది. ఏ పుస్తకం చూశానో అలాగే రాశాను, అబద్ధమైనా సుబద్ధమైనా తప్పు నాది కాదు అని భావం.

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే

మా కార్యాలయంలో విండోస్ సర్వర్ నుంచి లినక్స్ యంత్రానికి రోజూ అర్ధరాత్రి ఎఫ్‌టీపీతో (ఒక యంత్రం నుంచి మరోదానికి ఫైళ్లు పంపే పద్ధతి) బ్యాకప్ వెళ్తుంది. జరిగింది నమోదయ్యే లాగ్‌లో ఎప్పుడూ 226 అనే ఉండేది, అంటే బదిలీ ముగిసిందని. అవసరం పడి జిప్ ఫైలు తెరిస్తే తెరుచుకోలేదు. పక్క కుర్చీలోని పెద్దాయన ఈ శ్లోకం చదివి నవ్వారు. ఇంతకీ లేఖకుడు అబద్ధం రాశానని ఒప్పుకుంటున్నాడా?

ప్రొద్దుటూరు నుంచి:
లేదండీ. బద్ధం అంటే కట్టినది. అబద్ధం అంటే ఇక్కడ పొందిక కుదరనిది. మనం రోజూ వాడే అసత్యం అనే అర్థం పెడితే శ్లోకం చెడిపోతుంది. అందరూ రెండో పంక్తినే పట్టుకుని లేఖకుణ్ణి తప్పించుకునేవాడిగా చూస్తారు, అది నాకు నచ్చదు. బరువంతా యాదృశం, తాదృశం అన్న జంటలో ఉంది. ఎలా చూశానో అలాగే రాశాను, నా పాండిత్యం చూపించి దిద్దలేదు అంటున్నాడు.

మీ ఎఫ్‌టీపీ తప్పింది సరిగ్గా అక్కడే. ఆస్కీ అనే అక్షరాల పద్ధతిలో పంపితే అది వరుసల చివరి గుర్తులను అవతలి యంత్రానికి తగినట్టు మార్చేస్తుంది. అక్షరాల ఫైలుకు అది మేలే, జిప్‌కు మాత్రం చేటు. ఎఫ్‌టీపీ నియమాలు రాసిన 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 959 ప్రకారం ఏమీ చెప్పకపోతే ఆస్కీయే. విండోస్‌తో వచ్చే ఎఫ్‌టీపీ ఆదేశం ఇప్పటికీ అలాగే మొదలవుతుంది. స్క్రిప్టులో ఫైలు పంపే వరుసకు ముందు, ఉన్నది ఉన్నట్టు పంపమనే ‘బైనరీ’ ఆదేశం ఉందా? రెండు వైపులా ఫైలు పరిమాణం బైట్లలో చూడండి, తేడా కనిపిస్తుంది.

కడప:
ఆ ఆదేశం లేదు. అవతల కొన్ని బైట్లు తగ్గాయి కూడా. ఇంకో చిక్కు. ఫైర్‌వాల్ మార్చాక రాత్రిపూట 425 వస్తోంది, అంటే బదిలీకి కనెక్షన్ తెరుచుకోలేదని. పగలు ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రాముతో చేత్తో పంపితే చక్కగా వెళ్తోంది.

అనంతపురం నుంచి:
పగలూ రాత్రీ అని కాదు, పనిముట్టు తేడా. ఎఫ్‌టీపీకి రెండు దారులు: మాటలకు 21వ పోర్టు, సరుకుకు వేరే కనెక్షన్. యాక్టివ్ పద్ధతిలో సరుకు కనెక్షన్‌ను ఎఫ్‌టీపీ సర్వరే, అంటే ఇక్కడ లినక్స్ యంత్రమే, తిరిగి మీ వైపు తెరవాలి. కొత్త ఫైర్‌వాల్ దాన్ని ఆపుతోంది, అందుకే 425. ఫైల్‌జిల్లా మామూలుగా పాసివ్‌లో వెళ్తుంది, అక్కడ రెండు కనెక్షన్లూ మీ వైపు నుంచే. విండోస్ ఆదేశానికి పాసివ్ చేతకాదు. దాన్ని వదిలి కర్ల్ అనే ఫైలు బదిలీ ఆదేశం పెట్టండి, పాసివ్, బైనరీ రెండూ దానికి సహజం. లినక్స్ వైపు పాసివ్ పోర్టుల వరుస తెరిచి ఉంచాలి. వీలైతే అన్నీ గుప్తంగా పంపే ఎస్‌ఎఫ్‌టీపీకే మారండి, ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు బట్టబయలుగా పోతుంది.

కర్నూలు నుంచి:
226ను నమ్మడం మానండి. రాయడం అయిందంటుంది గానీ, రాసింది సరిగా ఉందని పూచీ పడదు. మీ కడపలోనే బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పక్కపక్కన పెట్టించి పోల్పించి శుద్ధప్రతులు రాయించారు. ఆ పని మీకు చెక్‌సమ్, అంటే ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే సంఖ్య, చేస్తుంది. రెండు చోట్లా లెక్కించి పోల్చండి, అప్పుడప్పుడు ఒక జిప్‌ను విప్పి చూడండి. లేఖకులదే మరో మాట ఉంది: “కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్”. పరిపాలించడం అంటే ఇక్కడ ఏలడం కాదు, కాపాడటం.

కడప:
కర్ల్‌తో వెళ్లింది, చెక్‌సమ్ కలిసింది. పెద్దాయన ఇప్పుడు ‘దృష్ట్వా’ కాదు, ‘దృష్టం’ అంటున్నారు.

ప్రొద్దుటూరు:
రెండు పాఠాలూ ఉన్నాయండీ. ‘దృష్టం’ అంటే ఏ పుస్తకం కనబడిందో అలాంటిదే రాయబడింది అని అన్వయం సూటిగా కుదురుతుంది. ‘దృష్ట్వా’ అన్నా చూసినవాడూ రాసినవాడూ ఒకడే కనుక ‘మయా’తో కలుస్తుంది. నా ఓటు పెద్దాయనకే.