“అచ్చియున్నది చెల్లింపుము” (మత్తయి 18:28)

మొన్న ఇక్కడ “కనికరముగలవారు ధన్యులు, వారు కనికరము పొందుదురు” (మత్తయి 5:7) అన్న వచనం మీద మాట వచ్చింది. ఇదేదో ఇచ్చిపుచ్చుకునే బేరంలా ఉందని ఒకరన్నారు. నాకలా అనిపించదు. దానికి జవాబు అదే సువార్త 18వ అధ్యాయంలో, పై మాట ఉన్న కథలోనే ఉంది.

ముందు ఆ మాట సంగతి. “అచ్చియున్నది” అంటే బాకీ ఉన్నది. “ఇచ్చియున్నది”కి వచ్చిన అచ్చుతప్పు అనుకోకండి, పాత తెలుగు క్రియ అది. అంతే.

ఇక కథ. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. మన రోజు కూలి 500 రూపాయలనుకుని లెక్క కట్టండి, 3,000 కోట్లు అవుతుంది! ఏడు తరాలు చాకిరీ చేసినా తీరదు. రాజు అదంతా వదిలేశాడు. ఆ దాసుడు బయటికి వెళ్లి, తనకు నూరు దేనారాలు, అంటే అదే లెక్కన 50,000 రూపాయలు, బాకీ ఉన్న తోడిదాసుడి గొంతు పట్టుకున్నాడు. 50,000 చిన్న మొత్తమేం కాదు, మూడు నెలల పైచిలుకు కూలి. బాకీ నిజమే, అడగడమూ న్యాయమే. కథ బలమంతా అక్కడే ఉంది.

నన్ను పట్టి ఆపేసేది మాత్రం ఇంకోటి. రాజు ముందు మొదటివాడు “నాయెడల ఓర్చుకొనుము” అంటాడు. వాడి ముందు రెండోవాడూ అదే మాట అంటాడు. తన నోటి మాటే తన చెవిన పడినా వాడు గుర్తుపట్టలేదు.

సాయంత్రం పూట మన విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో ఓ పక్కన నిలబడితే ఈ మాట వినబడుతుంది. రోజువారీ వడ్డీకి డబ్బు తెచ్చి కూరలమ్మే అమ్మ దగ్గరికి వసూలు కుర్రాడు వస్తాడు. బండి కూడా దిగడు, చెయ్యి చాపుతాడు. “వాన కదా బాబూ, బేరం లేదు, రేపు కలిపి ఇచ్చేస్తాను” అంటుందామె. రాత్రికి లెక్క తగ్గితే ఆ కుర్రాడు తన యజమాని దగ్గర అనాల్సిందీ ఆ మాటే. వాళ్లిద్దరూ తోడిదాసులే.

అందుకే బేరం అనడం నాకు ఒప్పదు. ఈ కథలో పొందడం ముందు జరిగిపోయింది, చూపడం తర్వాత. తోడిదాసుణ్ణి వాడు చెరసాలలో వేయించాడని తెలిసి రాజు వాణ్ణి మళ్లీ పిలిపించాడు. “నేను నిన్ను కరుణించిన ప్రకారము” నువ్వూ కరుణించాలి కదా అని, జరిగిపోయినదాన్ని గుర్తు చేసి అడుగుతున్నాడు.

మన ఊరివాళ్లకి ఒక ముచ్చట. తెలుగులో మొదట అచ్చయిన సువార్తలు ఇక్కడ విశాఖపట్నంలో అనువాదమైనవే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో వచ్చిన డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో పని చేశాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి డెస్ గ్రాంజెస్ చనిపోయి రెండేళ్లయింది. ఈ కథ అచ్చులో తెలుగువాళ్ల చేతికి మొదట అందింది ఆ పుస్తకంతోనే.

వ్యాఖ్య: మాస్టారూ, అయితే బాకీలన్నీ వదిలేసుకోవాలా? చిట్టీ పాడుకుని ఎగ్గొట్టినవాడినీ కనికరించాలా? మాకు అదే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బాధ న్యాయమైనదే. రెండోవాడు బాకీ కొట్టేయమని అడగలేదు చూడండి, గడువు అడిగాడు. మొదటివాడు అదీ ఇవ్వకుండా వాణ్ణి చెరసాలలో వేయించాడు. లోపల కూర్చున్నవాడు సంపాదించి తీర్చేదెలా? ఇక ఎగ్గొట్టినవాడి సంగతికి అదే అధ్యాయం 15వ వచనం చూడండి. తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమని ఉంది. నోరు మూసుకోమనలేదు, నలుగురిలో పరువు తీయమనీ అనలేదు. మీ డబ్బు మీరు అడగండి, గట్టిగానే అడగండి. వాళ్ల పిల్లల ముందు మాత్రం వద్దు.

వ్యాఖ్య: ఈ ఆదివారం పాఠం నేనే చదవాలి. ఈ అధ్యాయం 23వ వచనం నుంచి అని రాసిచ్చారు.

జవాబు: వీలైతే పాస్టరుగారిని అడిగి 15 నుంచి మొదలుపెట్టండి. గద్దించడం, ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడగడం, ఆ తర్వాత ఈ కథ, మూడూ వరసగా వినబడతాయి.