140 లైన్ల మెథడ్ రాస్తే తప్పేంటి?

పలాస_గుండు: జీడిపప్పు కొట్టుకి జావాలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. 'బిల్' అని ఒకటే మెథడ్ (పేరు పెట్టి పిలుచుకునే కోడ్ ముక్క), 140 లైన్లు. గుండు, బద్ద, ముక్క రేట్లు, తూకం, తగ్గింపు, పన్ను, ప్రింటు అన్నీ అందులోనే. బాగానే నడుస్తోంది. మా సీనియర్ చూసి "దీన్ని విడగొట్టు" అన్నారు. నడిచేదాన్ని ఎందుకు కెలకాలి?

కోట_దగ్గర: కెలకాలి. ఒక కంపెనీలో ఇలాంటిదే నా నెత్తిన పడింది, 600 లైన్లు. పైన 'టోటల్' అంటే పన్నుకి ముందు ధర. కిందికొచ్చేసరికి అదే పేరులో పన్ను కలిపిన ధర. మధ్యలో ఎవరో తగ్గింపు దూర్చారు. అది ఏ టోటల్ మీద పడుతోందో పట్టుకోవడానికి సిరిమానోత్సవం రోజంతా పోయింది. విజయనగరం మొత్తం కోట ముందుంటే నేను మేడ మీద లాప్‌టాప్ ముందు. పన్ను విడి మెథడ్‌లో ఉంటే ఈ గొడవే లేదు. మెథడ్‌కి సంఖ్య ఇస్తే జావా దాని కాపీనే పంపుతుంది, లోపల ఆ కాపీని ఏం చేసినా బయటి టోటల్ మారదు.

నాగావళి_ఒడ్డు: విడగొట్టితే 20 ఫంక్షన్లు అవుతాయి. ఒకటి అర్థం కావాలంటే ఇంకోదాంట్లోకి గెంతాలి. మా ఆఫీసులో ఒక కుర్రాడు రెండు సంఖ్యలు కూడటానికీ ఒకటి పెట్టాడు. పైనుంచి కిందికి చదువుకుపోయేదే నయం.

సెమికోలన్: జావాలో ఫంక్షన్ అనరు, మెథడ్ అనాలి.

నాగావళి_ఒడ్డు: ఏదో ఒకటి.

సెమికోలన్: ఏదో ఒకటి కాదు. జావాలో ప్రతిదీ ఒక క్లాస్‌లోనో ఇంటర్‌ఫేస్‌లోనో ఉంటుంది, అలా లోపల ఉండే ఫంక్షన్‌నే మెథడ్ అంటారు.

కోట_దగ్గర: బద్ద రేటు సరిగ్గా ఉందో లేదో టెస్ట్ చెయ్యాలంటే ప్రింటర్ కూడా ఆన్ చెయ్యాలా? ఇది వట్టి బద్ధకం.

నాగావళి_ఒడ్డు: మాస్టారూ, ఎవరో రాసిన 600 లైన్ల కోపం ఈ అబ్బాయి మీద చూపిస్తారేటి?

పలాస_గుండు: బద్ధకం కాదండీ. డిగ్రీ దాకా తెలుగు మీడియం నాది. మెథడ్ విడగొడితే దానికో పేరు పెట్టాలి కదా. తగ్గింపు తీసేశాక, పన్ను వెయ్యకముందు ఉన్న ధరకి ఇంగ్లిష్‌లో ఏం పేరు పెట్టను? కిందటిసారి 'క్యాల్క్1', 'క్యాల్క్2' అని పెడితే మీటింగ్‌లో అందరూ నవ్వారు. అప్పటినుంచి పేరు పెట్టే పనే లేకుండా ఒకేదాంట్లో రాసేస్తున్నాను.

బొబ్బిలి_తీగ: తెలుగు లిపిలోనే పెట్టెయ్. జావా ఒప్పుకుంటుంది. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపుల అక్షరాలనూ ఫైల్లో దాచే ఎన్‌కోడింగ్) దానంతటదే తీసుకుంటుంది. అంతకు ముందుది అయితే విండోస్‌లో కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అదేనని చెప్పాలి.

నాగావళి_ఒడ్డు: రేపు చెన్నైవాళ్ల చేతికి వెళ్తే?

పలాస_గుండు: చదివేది నేనూ, మా సీనియరూ అంతే.

కోట_దగ్గర: ఈ మాట ముందే చెప్పొచ్చు కదా బాబూ. బద్ధకం అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఆ 140 లైన్లు ఇక్కడ పెట్టు, కూర్చుని పేర్లు పెడదాం.

సెమికోలన్: మెథడ్ పేరు చిన్న అక్షరంతో మొదలవ్వాలి.

బొబ్బిలి_తీగ: తెలుగులో చిన్న అక్షరం ఏటి బాబూ?