సమస్యాపూరణం: కాఫి తాగిన వెంటనే కనులు మూసె

ఈ వారం సమస్య (ఇదే చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి):

"కాఫి తాగిన వెంటనే కనులు మూసె"

తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు), నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస నియమం లేదు, యతికి బదులు ఆ రెండుచోట్లా రెండో అక్షరాన్ని కుదిర్చే ప్రాసయతి వేసుకోవచ్చు. కాఫీ తాగితే కళ్లు తెరుచుకోవాలి గానీ మూసుకోవడమేమిటన్నదే చిక్కు. షరతు ఒక్కటే, పద్యంలో సాఫ్ట్‌వేర్ పని చేసే మనిషి బతుకు కనపడాలి. కోడు, సర్వరు లాంటి మాటలు నిస్సంకోచంగా వాడండి, సంధుల దగ్గర కొంచెం చూసీచూడనట్టు పోదాం, కానీ గణాలు, యతి మాత్రం తప్పకూడదు.

మొదటి పూరణ

పొగలు చిమ్మెడి కప్పుతో పొద్దు మొదలు
ముక్కు చేరిన ఘుమఘుమ ముంచి యెత్త
తొలి గుటకలోన లోకమ్ము తొలగిపోవ
కాఫి తాగిన వెంటనే కనులు మూసె

నిర్వాహకుడు: మూడో పాదం చదివి కాసేపు అక్కడే ఆగిపోయాను, ‘తొలి’కీ ‘తొలగి’కీ యతి ఎంత సహజంగా కుదిరిందో చూడండి. ఆనందంతో కళ్లు మూసుకోవడం అనే విరుపూ బాగుంది. అయితే మొదటి పాదం ఒక వాక్యంగా అక్కడే ముగిసిపోయింది, కింది రెండు పాదాలతో దానికి ముడి పడలేదు. ఇంకో లోటు, ఇందులో కాఫీ ఉంది గానీ మన వృత్తి లేదు, ఈ పద్యం ఎవరైనా చెప్పుకోవచ్చు. మన పనికీ కాఫీకీ ఉన్న చుట్టరికం చిన్నదా! 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో వాళ్లు కాఫీ పాత్ర మీదికి ఒక కెమెరా పెట్టుకున్నారు, పాత్ర ఖాళీగా ఉన్నప్పుడు అంత దూరం నడిచి వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావలసిన బాధ లేకుండా. 1993లో ఆ బొమ్మ వెబ్‌లోకి వచ్చింది, 2001 దాకా నడిచింది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడు కంపైలయ్యాక వచ్చే ప్రతి క్లాస్ ఫైలూ ‘కెఫేబేబ్’ (CAFEBABE) అన్న గుర్తుతోనే మొదలవుతుంది. ఇంత సరుకు చేతిలో ఉండగా వదిలేయకండి.

రెండో పూరణ (సర్వర్లు చూసుకునే మిత్రుడిది)

రాత్రి యంతయు సర్వరు రాలిపోవ
తప్పు వెదకుచు కోడులో తలను దూర్చి
తెల్లవారగ సరిజేసి తేలికపడి
కాఫి తాగిన వెంటనే కనులు మూసె

ఒక సభ్యురాలు: ‘కోడులో తలను దూర్చి’ చాలా నచ్చింది, ఆన్‌కాల్ రాత్రి (ఎప్పుడు పిలుపొచ్చినా అందుకోవలసిన డ్యూటీ) అచ్చం అలాగే ఉంటుంది. కానీ సర్వరు రాలదు కదండీ, ఆకులు రాలతాయి. ‘కూలిపోవ’ అంటే?

నిర్వాహకుడు: ‘కూలిపోవ’ అంటే అర్థం కుదురుతుంది, యతి పోతుంది. ‘రాత్రి యంతయు సర్వరు రభస జేయ’ అని మార్చి చూడండి, రా–ర యతి నిలుస్తుంది, పడుతూ లేస్తూ తెల్లార్లూ ఏడిపించిన సర్వరు కూడా కళ్లకు కడుతుంది. ‘తేలికపడి’ని రెండు గణాలుగా విడగొట్టి నడిపిన తీరు బాగుంది.

మరో సభ్యుడు: నాదొక సందేహం. కాఫీ తాగాక నిద్ర పట్టడం నమ్మేలా ఉందా? పూరణలో విరుపు ఉండాలి సరే, అబద్ధం ఉండకూడదు కదా.

నిర్వాహకుడు: అబద్ధం కాదండీ. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పేరుకుంటూ ఉంటుంది, నిద్రమత్తుకు అదొక ముఖ్య కారణం. కెఫీన్ వెళ్లి ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుందే తప్ప పేరుకున్నదాన్ని తుడిచిపెట్టదు. పైగా గుటక వేసిన క్షణాన పని మొదలెట్టదు, ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. రాత్రంతా మేలుకున్న మనిషి ఈలోపే ఒరిగిపోవచ్చు. సమస్యలో ‘వెంటనే’ ఉండబట్టే ఈ పూరణ నిలబడింది.

మూడో పూరణ (పై సందేహానికి జవాబుగా వచ్చింది)

మందకొడి యైన మధ్యాహ్న మగత బాప
ఇరువది నిమిషా లని గంట నిటుల బెట్టి
కుదురుగా కుర్చిలో వాలి కొంతసేపు
కాఫి తాగిన వెంటనే కనులు మూసె

నిర్వాహకుడు: కాఫీ తాగి చిన్న కునుకు తీయడం, లేచేసరికి కెఫీన్ అందుకోవడం! నాకూ ఇష్టమైన పద్ధతే, మూడు గంటల మీటింగ్‌కి ముందు ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. పద్యంలో ‘ఇటుల’ ఒక్కటే గణం నింపడానికి వచ్చి కూర్చుంది, తీసేస్తే అర్థానికి ఏ లోటూ రాదు. ‘ఇరువది నిమిషా లని గంట నేర్పరచుచు’ అంటే క్రియే యతిస్థానంలోకి వస్తుంది, ‘గంటను ఏర్పరచుచు’ కలిసింది కాబట్టి ఇ–ఏ యతి సరిపోతుంది.

నాలుగో పూరణ

ఒకటి ముగియగ నింకొక్క మంతనమ్ము
చల్లబడిపోయె కప్పులో చవి నశించి
మరల వేడిగ జేయగా మాడు చేదు
కాఫి తాగిన వెంటనే కనులు మూసె

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది, ‘ఒ’కి ‘మం’ చెల్లదు. ‘ఒకటి ముగియగ మంతన మొకటి వచ్చె’ అనండి, ‘మంతనము ఒకటి’ కలిసింది కాబట్టి ఒ–ఒ స్వరయతి, అచ్చుకు అచ్చు కుదిరింది. ఇక మెచ్చుకోవలసింది మూడో పాదం. ‘చేదు’ను పాదం చివర ఉంచి, సమస్యలోని ‘కాఫి’తో కలిపి ‘చేదు కాఫి’ చేశారు, ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదలకుండా దాని అర్థం మారిపోయింది. మీటింగ్ మీద మీటింగ్ పడి కాఫీ చల్లారిపోవడం మనకు రోజూ ఉండే బాధే, నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. మళ్లీ వేడి చేస్తే ఆ రుచి తిరిగి రాదు, కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి విడిపోయి పులుపూ చేదూ ఇంకా పెరుగుతాయి. మొహం ముడుచుకుని కళ్లు మూసుకోవడం నూటికి నూరుపాళ్లు నిజం.

ఐదో పూరణ (ఆలస్యంగా వచ్చింది)

చేయి తగులగ బల్లపై చిందిపోయి
మీట మీటకు నడుమగా మెల్ల జార
దాచనట్టి కోడును మింగి దయ తలచక
కాఫి తాగిన వెంటనే కనులు మూసె

ఒక సభ్యురాలు: అయ్యో! తాగింది ల్యాప్‌టాప్!

నిర్వాహకుడు: అదే. మేమంతా కళ్లు మూసింది మనిషే అనుకుని తంటాలు పడుతుంటే ఈయన కర్తనే మార్చేశారు. ల్యాప్‌టాప్ పేరు ఎక్కడా చెప్పలేదు, అయినా మీటలు, దాచని (సేవ్ చేయని) కోడు చాలు, పోల్చుకోవడానికి క్షణం పట్టదు. ‘జారి’ అనకుండా ‘జార’ అనడం గమనించండి. జారింది కాఫీ, మింగింది యంత్రం, కర్తలు వేరు కనుక ‘జారి’ అంటే వాక్యం చెడేది.

మరో సభ్యుడు: ‘కనులు’ బహువచనం కదా, ల్యాప్‌టాప్‌కి రెండు కళ్లెక్కడివి?

నిర్వాహకుడు: తెర ఒకటి, దాని పైనున్న కెమెరా ఒకటి. రెండూ ఒకేసారి ఆరిపోతాయి, కాబట్టి అభ్యంతరం నిలవదు. ఈ వారం నా ఓటు దీనికే. రెండు, మూడు, నాలుగు పూరణల వాళ్లు సవరించి మళ్లీ పెట్టండి, మొదటి పూరణ పంపినవారు కూడా ఆ మూడో పాదాన్ని అలాగే ఉంచి పైరెండూ కొత్తగా రాయండి. ఆదివారం దాకా గడువుంది.